గేటు దాటకముందే తూగిన లారీ: మిల్లు కాటా గదిలో కేవీఎం, ఏడాదిన్నర తర్వాత

నెల్లూరికి ఉత్తరాన, పెన్న అవతల కోవూరు వైపున్న ఒక రైస్ మిల్లులో కాటా గది కంప్యూటరును నేను వర్చువల్ మెషీన్‌లోకి (ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరులోకి) మార్చి ఏడాదిన్నర దాటింది. లినక్స్ మూలభాగం కెర్నెల్‌లో ఇమిడి వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం, పరికరాలను అనుకరించే క్యూఈఎంయూ, ఆ రెండింటినీ నడిపించే లిబ్‌వర్ట్ కలిసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇందుకు వాడాను. దాని మీద సమీక్ష రాయాలని మొదటి నెలలోనే అనుకున్నాను గానీ, అప్పుడు రాయకపోవడమే మేలైంది. అంతా సవ్యంగా నడుస్తున్న రోజుల్లో రాసి ఉంటే వేగం బాగుంది, ఖర్చు లేదు అన్న రెండు మాటలతో ముగిసేది. ఆ తర్వాత, కొన్ని రోజులు కనిపించి కొన్ని రోజులు మాయమయ్యే ఒక లోపం మమ్మల్ని ఒక పంట కాలమంతా వేధించింది. ఆ లోపాన్ని వెతికి పట్టుకునే క్రమంలోనే ఈ సాఫ్ట్‌వేర్ బలమూ బలహీనతా నాకు నిజంగా తెలిసివచ్చాయి.

మార్చవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. కాటా ప్రోగ్రాము 32 బిట్ల విండోస్ 7 మీద తప్ప నడవదు. దాన్ని రాసిచ్చినవారు ఆ వ్యాపారం మానేశారు. పాత కంప్యూటరు మదర్‌బోర్డు పాడైతే, కొత్త కంప్యూటర్లకు విండోస్ 7 డ్రైవర్లు దొరకలేదు. మైక్రోసాఫ్ట్ ఆ విండోస్‌కు మద్దతును 2020 జనవరి 14తోనే ముగించింది కనుక దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించడమూ క్షేమం కాదు. కాటా ఆగితే మిల్లు ఆగుతుంది. మా వైపు ధాన్యం లెక్క పుట్టిలో, పుట్టి అంటే 850 కిలోలు. రైతుకు చెల్లించే ప్రతి రూపాయీ లోడు బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చే అంకె మీద ఆధారపడి ఉంటుంది. పాత ప్రోగ్రాములోని లెక్కలన్నీ అలాగే ఉంచి, కింద యంత్రాన్ని మాత్రం మార్చాలంటే వర్చువల్ మెషీన్ ఒక్కటే దారిగా కనిపించింది.

ఈ సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. క్యూఈఎంయూను ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రీస్ బెల్లార్ 2003లో విడుదల చేశారు. ఇంటెల్ 2005లోనూ, ఏఎండీ 2006లోనూ వర్చువలైజేషన్‌కు ప్రాసెసర్‌లోనే ఏర్పాటు చేసిన తర్వాత, ఇజ్రాయెల్‌లోని కుమ్రానెట్ సంస్థలో అవి కివిటీ కేవీఎంను రాశారు. అది 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20 కెర్నెల్‌తో అందరికీ చేరింది. ఆ మరుసటి ఏడాది కుమ్రానెట్‌ను రెడ్ హ్యాట్ కొనుగోలు చేసింది. అంటే నేను వాడిన ముక్కల్లో ప్రతిదీ పదిహేనేళ్లకు పైగా నలిగినదే. ఆ నమ్మకంతోనే నాలుగు కోర్లూ 16 జీబీ మెమరీ ఉన్న వాడిన కంప్యూటరు ఒకటి తీసుకుని, దానిపై డెబియన్ అనే లినక్స్ పెట్టి, ఆ అసలు కంప్యూటరు (హోస్టు) లోపల నడిచే రెండు వర్చువల్ మెషీన్లు (గెస్టులు) తయారుచేశాను. ఒకటి కాటా కోసం విండోస్ 7, రెండవది మిల్లు ఖాతాల కోసం లినక్స్.

స్థాపన గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఒక్క పూటలో అయిపోయింది. కాటా ఇండికేటరు నుంచి వచ్చే సీరియల్ తీగను యూఎస్‌బీ మార్పిడి తీగ ద్వారా గెస్టుకు అందించేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. హోస్టు ఇచ్చే టీటీవై యూఎస్‌బీ 0 వంటి పేరును నమ్ముకోకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ అంకె మారవచ్చు. పరికరం గుర్తింపును బట్టి ఏర్పడే స్థిరమైన పేరునే, గెస్టు అమరికలు ఉండే ఆకృతి ఫైలులో రాయాలి. అలా రాసిన నాటి నుంచి బరువు ఒక్కసారి కూడా తప్పుగా రాలేదు. తప్పిందల్లా సమయం.

మార్చి నెల, మా జిల్లాలో పెద్ద పంట కోతకు వచ్చే కాలం. సోమశిల నీళ్ల కింద పండిన ధాన్యమంతా ఒకేసారి మిల్లులకు చేరుతుంది గనుక ఉదయం నుంచే లారీలు బారులు తీరి ఉంటాయి. ఒకరోజు ఒక డ్రైవరు రెండు చీటీలు పట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు. గేటు దగ్గర వేరే కంప్యూటరు ఇచ్చిన టోకెన్ మీద 11:42 అని ఉంది, కాటా చీటీ మీద 11:36 అని ఉంది. "నా బండి గేట్లోకి రాకముందే కాటా ఎక్కిందంటే ఎట్టా సార్?" అని అతను అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. బండి నిలబడ్డ సమయాన్ని బట్టి హాల్టింగ్ చార్జీ కట్టే వ్యవహారంలో ఆరు నిమిషాలు పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ చీటీ మీద సమయం తప్పైనప్పుడు బరువు మాత్రం సరైనదని రైతు ఎందుకు నమ్మాలి? నన్ను ఆ లోపం వెంట పడేలా చేసింది ఆ ప్రశ్నే.

అనుమానాలు వరుసగా వచ్చాయి, వరుసగానే కొట్టుకుపోయాయి. హోస్టు గడియారం బ్యాటరీ అయిపోయిందేమోనని చూస్తే హోస్టు సమయం సెకనులో కూడా తేడా లేకుండా ఉంది. కరెంటు కోతలేమోనని చూస్తే, కోత లేని రోజున కూడా గెస్టు వెనకబడింది. అదే హోస్టు మీద నడిచే ఖాతాల లినక్స్ గెస్టు మాత్రం ఏనాడూ ఒక్క సెకను పోగొట్టుకోలేదు. ఆ తేడాను నేను మొదటే గట్టిగా పట్టుకుని ఉంటే రెండు వారాలు మిగిలేవని ఇప్పుడు అనిపిస్తుంది. లినక్స్ గెస్టు కేవీఎం గడియారం ద్వారా సమయాన్ని నేరుగా హోస్టు నుంచి చదువుకుంటుంది. మా విండోస్ గెస్టు గడియారం చిప్పు నుంచి తనకు క్రమంగా వచ్చే టిక్కులనే సంకేతాలను లెక్కపెట్టుకుంటూ సమయాన్ని తానే ముందుకు నెట్టుకుంటోంది. సమస్య ఆ లెక్కలోనే ఉంది.

మరో సంగతి మమ్మల్ని బాగా తప్పుదోవ పట్టించింది. డొమైన్‌లో (సంస్థ ఉమ్మడి నెట్‌వర్క్‌లో) చేరని విండోస్ మామూలుగా 6,04,800 సెకన్లకు ఒకసారి, అంటే సరిగ్గా వారానికొకసారి సమయాన్ని సరిచూసుకుంటుంది. మేము దానికి హోస్టు మీద నడిచే క్రోనీ అనే సమయ సర్వరును చూపించాం. అందువల్ల ఆరేడు నిమిషాలు వెనకబడ్డ గడియారం ఒక రాత్రి దానంతట అదే సరైపోయేది. మరునాడు ఉదయం నేను వెళ్లి చూస్తే అంతా సవ్యంగా ఉండేది. లోపం పోయిందనుకుని వచ్చేసేవాణ్ని. రెండు మూడు రోజులకు గుమాస్తాగారు మళ్లీ ఫోన్ చేసేవారు.

ఇంతకంటే విచిత్రం, నేను పక్కన కూర్చున్న రోజున గడియారం ఒక్క సెకను కూడా జారేది కాదు. 1985లో టాండెం కంప్యూటర్స్‌లో పనిచేస్తుండగా జిమ్ గ్రే, పరిశీలించబోతే కనుమరుగయ్యే ఇలాంటి లోపాలకు హైసెన్‌బగ్ అన్న మాటను వాడుతూ ఒక నివేదిక రాశారు. భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బెర్గ్ పేరు మీదుగా వచ్చిన మాట అది. చూడటం అనే పనే ఫలితాన్ని మారుస్తోందంటే, చూడటానికి నేను చేస్తున్న పనుల్లో ఏదో ఒకటి లోపానికి కావలసిన పరిస్థితిని తొలగిస్తోందని అర్థం. అయితే ఆ పని ఏదో నాకు వెంటనే తట్టలేదు.

అందుకే నేను లేకుండా చూసే ఏర్పాటు చేశాను. గెస్టు లోపల క్యూఈఎంయూ ఏజెంటు అనే చిన్న సహాయక ప్రోగ్రాము నడుస్తుంటే, హోస్టు మీద లిబ్‌వర్ట్ ఆజ్ఞల పరికరమైన విర్ష్‌తో, విర్ష్ డోమ్‌టైమ్ అనే ఒక్క ఆజ్ఞతో గెస్టు సమయాన్ని అడిగి తెలుసుకోవచ్చు. నిమిషానికొకసారి ఆ సమయాన్నీ హోస్టు సమయాన్నీ పక్కపక్కన ఒక ఫైలులో రాసే నాలుగు వరుసల స్క్రిప్టు పెట్టి వచ్చేశాను. గెస్టును ఆపకుండా, అందులో ఏమీ మార్చకుండా, మిల్లు పనికి ఏ అడ్డూ లేకుండా ఇది చేయగలగడం ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. పదకొండు రోజుల తర్వాత ఆ ఫైలును గీతగా గీసి చూస్తే, చాలా రోజులు నేల మీద గీసినట్టు చదునుగా ఉంది. నాలుగు రోజుల్లో మాత్రం ఉదయం పది గంటలకు మొదలై పదకొండున్నర దాకా గెస్టు సమయం మెట్లు దిగినట్టు వెనక్కి జారి, అక్కడే నిలిచిపోయింది.

పది గంటలకు ఏం జరుగుతుంది? జరిగినవన్నీ నమోదయ్యే హోస్టు జర్నల్‌లో ఆ నాలుగు రోజులూ పది గంటల ప్రాంతంలో ఒక బయటి హార్డ్‌డిస్కు తగిలించినట్టు నమోదై ఉంది. మిల్లులో అగ్ని ప్రమాదం జరిగినా ఖాతాలు మిగలాలన్న ఉద్దేశంతో యజమాని చెప్పగా, గుమాస్తాగారు ఆ డిస్కును రోజూ ఇంటికి తీసుకెళ్లి తెస్తున్నారు. బ్యాంకు పని మీద నేరుగా వచ్చిన రోజుల్లో తేలేకపోయేవారు. డిస్కు తగలగానే ఖాతాల బ్యాకప్ దానంతట అదే మొదలై, నాలుగు కోర్లనూ వాడుకుని ఫైళ్లను కుదించేది. నేను వెళ్లినప్పుడల్లా ఏం చేసేవాణ్నంటే, కంప్యూటరు ముందువైపు పనిచేసే యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే కనుక, నా పెన్‌డ్రైవు కోసం ఆ డిస్కును తీసి పక్కన పెట్టేవాణ్ని. లోపానికి కావలసిన పరిస్థితిని నా చేత్తోనే తొలగిస్తున్నానన్నమాట. గుమాస్తాగారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆయన శ్రద్ధ వల్లే ఆ ఖాతాలు భద్రంగా ఉన్నాయి.

అయినా కథ పూర్తి కాలేదు. డిస్కు తగిలించిన రోజులు జర్నల్‌లో ఏడు ఉంటే, గడియారం జారినవి నాలుగే. మిగిలిన మూడు రోజుల్లో లేనిదేమిటో కాటా గదిలో ఉండే కుర్రాణ్ని అడిగితే తేలింది. బారు ఎక్కువగా ఉన్న రోజుల్లో బండి నంబరు కనిపించేలా కాటా ప్రోగ్రాములోని కెమెరా కిటికీని తెరిచి ఉంచుతాడట. బళ్లు తక్కువైతే తెరవడట. కెమెరా కిటికీ, బ్యాకప్ రెండూ ఒకేసారి నడిస్తేనే సమయం జారుతోంది.

ఎందుకు అలా జరుగుతుందో వివరించాలంటే పీసీ గడియారం లోపలికి వెళ్లాలి. మోటరోలా ఎంసీ 146818 అనే గడియారం చిప్పును ఐబీఎం 1984 నాటి పీసీ ఏటీలో వాడింది. దానికి సరిపోయే నమూనానే క్యూఈఎంయూ ఇప్పటికీ గెస్టుకు అనుకరించి చూపిస్తుంది. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం నుంచి ఆ చిప్పు టిక్కులను పుట్టిస్తుంది. మా విండోస్ గెస్టు మామూలు వేళల్లో సెకనుకు 64 టిక్కులు అడుగుతుంది, అంటే దాదాపు 15.6 మిల్లీసెకన్లకు ఒకటి. వీడియో వంటి పని చేసే ప్రోగ్రాము ఏదైనా సన్నని కాలమానం కోరితే, అదే గెస్టు సెకనుకు 1,024 టిక్కులు అడుగుతుంది, అంటే మిల్లీసెకనులోపే ఒకటి. హోస్టు కోర్లన్నీ బ్యాకప్‌తో నిండిపోయినప్పుడు గెస్టుకు తన వంతు రావడం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. టిక్కుల మధ్య 15 మిల్లీసెకన్ల వ్యవధి ఉన్నప్పుడు ఆ ఆలస్యం అందులో ఇమిడిపోతుంది. ఒక్క మిల్లీసెకను వ్యవధి ఉన్నప్పుడు ఇమడదు. రెండు మూడు టిక్కులు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగానే గెస్టుకు చేరతాయి, తక్కినవి పోతాయి. పోయిన ప్రతి టిక్కుకూ విండోస్ గడియారం అంతమేర వెనకబడుతుంది.

ఇలా పోయిన టిక్కులను తర్వాత తిరిగి అందించమని చెప్పే అమరిక లిబ్‌వర్ట్‌లో ఉంది. గెస్టు ఆకృతి ఫైలులోని గడియారం భాగంలో ఆర్టీసీ (పైన చెప్పిన గడియారం చిప్పు) టైమరుకు క్యాచప్ అనే విధానం రాస్తే, క్యూఈఎంయూ బాకీపడ్డ టిక్కులను కాస్త వేగంగా పంపి లెక్క సరిచేస్తుంది. ఆ మాట రాయకపోతే వాటిని వదిలేస్తుంది. వర్ట్ మేనేజర్ వంటి పరికరాలు విండోస్ గెస్టును సృష్టించేటప్పుడే ఈ మాటను రాసేస్తాయి. మేము ఆ గెస్టును తయారుచేసిన రోజున కూడా రాశాయి. ఆ నాటి ఫైలు నకలు నా దగ్గర ఉంది. దాన్నీ నడుస్తున్న గెస్టు ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసినప్పుడు గడియారం భాగంలోని టైమరు వరుసలన్నీ మాయమై కనిపించాయి.

వాటిని తీసేసింది ఎవరు? డిసెంబరు చివర్లో గెస్టుకు మెమరీని 2 జీబీ నుంచి 3 జీబీకి పెంచాను. విర్ష్ ద్వారా చేసి ఉండవలసింది. మిల్లువారికి సులువుగా ఉంటుందని నేను అదనంగా పెట్టిన ఒక నిర్వహణ ప్రోగ్రాము ద్వారా చేశాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ప్రోగ్రాము ఆకృతి ఫైలులో తనకు తెలిసిన అంశాలను మాత్రమే చదువుకుని, భద్రపరిచేటప్పుడు ఫైలు మొత్తాన్ని కొత్తగా రాస్తుంది. తనకు తెలియని వరుసలను మళ్లీ రాయదు, రాయలేదన్న హెచ్చరికా ఇవ్వదు. అయినా డిసెంబరులోనే లోపం ఎందుకు బయటపడలేదంటే, ఆకృతి ఫైలులో చేసిన మార్పు గెస్టును పూర్తిగా ఆపి మళ్లీ ప్రారంభించే దాకా అమలులోకి రాదు. విండోస్ లోపల రీస్టార్ట్ నొక్కితే పాత క్యూఈఎంయూ ప్రక్రియే కొనసాగుతుంది. ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు చాలాసేపు పోయి యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు గెస్టు మొదటిసారి పూర్తిగా ఆగింది. మర్నాడు ఉదయం అది లేచింది టైమరు వరుసలు లేని ఫైలుతోనే. మార్పు జరిగిన రోజుకూ లోపం కనిపించిన రోజుకూ మధ్య రెండు నెలలకు పైగా ఎడం ఉండటం వల్ల ఆ రెంటినీ నేను కలిపి చూడలేకపోయాను.

సరిచేయడం పావుగంట పని. విర్ష్ ఎడిట్‌తో ఆర్టీసీకి క్యాచప్, పీఐటీ అనే మరో టైమరుకు డిలే అని రాసి, హెచ్‌పీఈటీ అనే ఇంకో టైమరు లేదని తెలిపి, విండోస్ గెస్టుకు ఉపకరించే హైపర్‌వి గడియారాన్ని కూడా ప్రారంభించి, సాయంత్రం కాటా మూసిన తర్వాత గెస్టును పూర్తిగా ఆపి లేపాను. బ్యాకప్‌ను తక్కువ ప్రాధాన్యంతో నడిచేలా మార్చి, కాటా గెస్టుకు ఒక కోరును ప్రత్యేకించాను. అయితే ఈ రెండు మార్పులనూ మొదటి రోజే చేయలేదు. అన్నీ ఒకేసారి మారిస్తే లోపం దేనివల్ల పోయిందో తెలియదు. ముందు టైమరు వరుసలు మాత్రమే చేర్చి, కావాలనే కెమెరా కిటికీ తెరిపించి, బ్యాకప్ మొదలుపెట్టి గంటన్నర చూశాను. తేడా సున్నా. ఆ వరుసలను తీసేసి అదే పరీక్ష చేస్తే మళ్లీ ఆరు నిమిషాలు జారింది. మళ్లీ చేర్చితే మళ్లీ సున్నా. కనిపించడం మానేసినంత మాత్రాన లోపం పోయిందనుకోవడానికి వీల్లేదని ఆ వారానికొకసారి సరైపోయే గడియారం మాకు అప్పటికే నేర్పింది కనుక, కోరినప్పుడు రప్పించి, కోరినప్పుడు ఆపగలిగిన తర్వాతే మిల్లు యజమానికి మాట ఇచ్చాను. పాత కొత్త ఆకృతి ఫైళ్లనూ, సమయాల చిట్టానూ ఆ నిర్వహణ ప్రోగ్రాము రాసినవారికి పంపాను. తెలియని వరుసలను ఉన్నవి ఉన్నట్టే ఉంచేలా వారు తర్వాతి కూర్పులో మార్చారు.

ఇక నా తీర్పు. పనితీరులో కేవీఎంకు వంక పెట్టడానికి లేదు. పాత కంప్యూటరు మీద నడిచినప్పటి కంటే కాటా ప్రోగ్రాము వేగంగానే నడుస్తోంది. అంతకంటే ముఖ్యంగా, దీనిలోని ప్రతి అమరికా చదవగలిగే పాఠ్యంగా ఒక ఫైలులో ఉంటుంది. ఆ ఫైలుకు నకలు ఉంచుకోవచ్చు, రెండు నకళ్లను పోల్చుకోవచ్చు. గెస్టు సమయాన్ని బయటి నుంచి అడగవచ్చు. కేవీఎం స్టాట్ అనే పరికరంతో గెస్టు ఎన్నిసార్లు హోస్టు వైపు తిరిగి వస్తోందో కళ్లారా చూడవచ్చు. మూసిపెట్టిన పెట్టెలాంటి సాఫ్ట్‌వేర్ అయి ఉంటే, నేను ఇంకా కరెంటు కోతలనే తప్పుపడుతూ ఉండేవాణ్ని.

లోటు కూడా చెప్పాలి. టిక్కులు వదిలేస్తున్నప్పుడు చిట్టాలో ఒక్క వరుస కూడా పడదు. గడియారం అమరికల వివరణ పత్రాల్లో ఉంది గానీ, ఏ మాట రాయకపోతే ఏ గెస్టుకు ఏ నష్టమో తెలియజెప్పే భాషలో లేదు. ఆ విషయం ముందే తెలిసినవారికి తప్ప అది అర్థం కాదు. ఆకృతి ఫైలు మార్పు ఇంకా అమలులోకి రాలేదని, గెస్టును పూర్తిగా ఆపితేనే వస్తుందని పెద్ద అక్షరాలతో చెప్పే చోటు కూడా ఉండాలి. తెలుగులో వీటి గురించి రాసినవారు తక్కువ. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ హార్డ్‌వేర్ బాగుచేసే దుకాణాలు ఎన్నో ఉన్నాయి గానీ, ఇలాంటి పని పట్టగలిగినవారు అరుదు. కనుక లినక్స్ ఆజ్ఞలు చూసి భయపడని మనిషి ఒకరు అందుబాటులో ఉన్నప్పుడే దీన్ని ఎంచుకోవాలి. అలాంటి మనిషి ఉంటే, పాత ప్రోగ్రాముల మీద బతుకుతున్న మిల్లులకూ, ఆక్వా మేత గోదాములకూ, చీమకుర్తి గ్రానైట్ రాళ్లను తూచే కాటాలకూ దీన్ని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. పైన అదనపు నిర్వహణ ప్రోగ్రాము ఏది వాడినా, ప్రతి మార్పుకు ముందూ తర్వాతా విర్ష్ డంప్‌ఎక్స్‌ఎంఎల్ ఆజ్ఞతో ఆకృతి ఫైలు నకలు తీసి పోల్చి చూసుకోండి.

సమయాలు రాసే ఆ నాలుగు వరుసల స్క్రిప్టును నేను ఆపలేదు. పెద్ద పంట తర్వాతి రెండో పంటైన ఎడగారు ధాన్యం వచ్చిన రోజుల్లో కాటా ముందు బారు రోడ్డు దాకా సాగింది, కెమెరా కిటికీ పొద్దుటి నుంచి తెరిచే ఉంది, గుమాస్తాగారి డిస్కూ రోజూ వచ్చింది. ఆ వారాలన్నిటికీ ఫైలులో తేడా గడి సున్నాగానే ఉంది. గేటు టోకెన్ మీది సమయం ప్రతి బండికీ కాటా చీటీ కంటే ముందే ఉంది.